బొంతకు ఎంత?

'బ్రో, మీ పెద్దమ్మ కుట్టిన బొంత సూపర్. నాకూ ఒకటి కావాలి. ఎంత?'

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఈ మెసేజ్ చూసి రెండు నిమిషాలు ఆలోచించా. ఆన్‌లైన్‌లో ఒక కంఫర్టర్ రేటు చూశా. డిస్కౌంట్ పోను పదకొండు వందల చిల్లర ఉంది. మనది చేత్తో కుట్టింది కదా, ఇంకాస్త కలుపుదాంలే అనుకుని 'పన్నెండు వందలు, కొరియర్‌తో కలిపి. చీరలు మీరే పంపాలి' అని కొట్టేశా. సాయంత్రానికి ఆరు ఆర్డర్లు. ఏదో స్టార్టప్ పెట్టినంత సంబరపడిపోయా.

యాప్‌లో ఒక బటన్ రంగు మార్చడానికి ఎంత టైమ్ పడుతుందని మేనేజర్ అడిగితే 'రేపు చెప్తానండీ' అంటా నేను. అలాంటిది మా పెద్దమ్మ వారాల తరబడి చేసే పనికి రెండు నిమిషాల్లో ధర కట్టేశా. అదెంత పెద్ద తప్పో తెలియడానికి ఆత్మకూరు, ఉదయగిరి దాకా వెళ్లాల్సి వచ్చింది.

పెన్న దాటితే పడమర

నెల్లూరనగానే అందరికీ గుర్తొచ్చేది చేపల పులుసు, వరి మడులు, సముద్రం. అదంతా తూర్పు నెల్లూరు. మాది పడమటి వైపు. బెంగళూరులో రాత్రి బస్సెక్కి, తెల్లారి నెల్లూరులో దిగి, కారం దోసె తిని ఆత్మకూరు బస్సెక్కితే ఊరు రంగు మారడం కిటికీలోంచే కనిపిస్తుంది. బుచ్చిరెడ్డిపాళెం దాకా రోడ్డుకి రెండు పక్కలా పచ్చటి మడులే. సంగం దగ్గర పెన్న మీద 2022 సెప్టెంబరులో ప్రారంభించిన కొత్త బ్యారేజీ ఉంది. బ్రిటిష్ కాలం నాటి పాత ఆనకట్ట చేస్తూ వచ్చిన పనిని ఇప్పుడు అదే చేస్తోంది. అది దాటి ఇంకొంత దూరం వెళ్తే పచ్చదనం తగ్గి, ఎర్రమట్టి, తుమ్మచెట్లు, రాళ్లగుట్టలు మొదలవుతాయి.

బస్సంతా ఆడవాళ్లే. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ బస్సుల్లో వాళ్లకి టిక్కెట్ లేదు కదా. నా పక్క సీట్లో కూర్చున్నావిడ ఒళ్లో దారపుండల కవరు ఉంది. 'దారానికి నెల్లూరు దాకా వచ్చారా?' అనడిగా. 'టిక్కెట్టు లేదు గదా నాయనా, ఆడ రెండ్రూపాయలు తక్కువ' అంది. పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుందట. ఆ పూటకి ఆమె ఏ లెక్కలోనూ డబ్బు వేసుకోలేదు. అప్పుడు నేనూ పట్టించుకోలేదు. మా పెద్దమ్మా దారం కోసం ఇలాగే వెళ్లొస్తుందని ఆ సాయంత్రమే తెలిసింది.

పదిహేను వేల కుట్లు

ఆత్మకూరులో పెద్దమ్మ ఇంట్లో నడిమింటి బండల మీద సగం కుట్టిన బొంత పరిచి ఉంది. నేను వెళ్లేసరికే ఆరింటిలో రెండు పూర్తయి బెంగళూరు చేరిపోయాయి. ఇది మూడోది.

'ఏం అబ్బయా, ఇంత పొద్దున్నే దిగినావు? కాళ్లు కడుక్కో, తినేసి కూర్చో' అంది. తిన్నాక కూర్చున్నా. ఊరికే కూర్చోకుండా ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేశా. అలవాటు!

బొంత ఎలా పుడుతుందో మనలో చాలామంది చూసి ఉండరు. చలికాలం కప్పుకుని ఉంటాం, అంతే. రజాయిలోనూ పరుపులోనూ ఉన్నట్టు బొంతలో దూది ఉండదు. పాత నూలు చీరలనే ఒకదాని మీద ఒకటి పొరలుగా వేసి కుడతారు. ఒక బొంతకి మూడు నాలుగు చీరలు కావాలి. ముందు వాటిని గంజి పూర్తిగా వదిలేలా ఉతికి ఆరేయాలి. ఫాల్ కుట్లు విప్పాలి. చిరిగిన చోట పక్కకు తీసేయాలి. తర్వాత నేల మీద ఒక్క ముడత కూడా లేకుండా పరిచి, మూలల్లో బరువులు పెట్టి, పొరలు కదలకుండా అక్కడక్కడా పెద్ద టాకాలు వేయాలి. అప్పుడు మొదలవుతుంది అసలు కుట్టు. ఈ చివర నుంచి ఆ చివరికి, వరస పక్కన వరస.

మా బొంత కొలత అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. వరసకీ వరసకీ మధ్య అంగుళం ఎడం. అంటే దాదాపు 60 వరసలు. ఒక్కో వరస ఏడడుగులు. మొత్తం 420 అడుగుల కుట్టు. అంగుళానికి మూడు కుట్ల చొప్పున లెక్కేస్తే పదిహేను వేలు దాటుతుంది.

ఒక వరసకి పెద్దమ్మకి పట్టిన టైమ్ 25 నిమిషాలు. సూదిలో దారం ఎక్కించడం, మధ్యలో వేలు విదిలించుకోవడం, పక్కింటావిడకి జవాబు చెప్పడం అన్నీ కలిపి. అరవై వరసలంటే 25 గంటలు. ఉతకడం, విప్పడం, పరవడానికి నాలుగు గంటలు. చుట్టూ అంచు పట్టీ కుట్టడానికి ఇంకో నాలుగు. చివరగా చూసుకుని, దారాలు కత్తిరించి, మడతపెట్టడానికి ఒక గంట. మొత్తం 34 గంటలు. వంటా, బర్రెలూ చూసుకుంటూ రోజుకి గంటన్నర కూర్చోగలిగితే ఒక బొంతకి మూడు వారాల పైనే.

ఇప్పుడు నా పన్నెండు వందలు చూద్దాం. కొరియర్‌కి 150, దారానికి 100 తీసేస్తే మిగిలింది 950. దాన్ని 34తో భాగిస్తే గంటకి 28 రూపాయలు.

2025-26కి మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. ఎనిమిది గంటల లెక్కన చూసినా గంటకి 38 పడుతుంది. నలభై ఏళ్లుగా సూది పట్టిన మా పెద్దమ్మకి నేను కట్టిన ధర, గుంత తవ్వే పనికి ప్రభుత్వం ఇచ్చే కనీస కూలి కంటే పది రూపాయలు తక్కువ!

లెక్క చూపించా. పెద్దమ్మ కళ్లజోడు పైకి తోసి ఫోన్ వైపు చూసి నవ్వింది. 'నేనేమన్నా పని మానుకోని కుడతా ఉండానా? టీవీ చూస్తా కుడతా ఉండా. దానికి గంటలేంది, లెక్కలేంది?'

ఆ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. నేనూ పాటలు వింటూనే కోడ్ రాస్తా. అందుకని మా కంపెనీ జీతం తగ్గించదుగా? ఈ జవాబు నాకు రాత్రి పడుకున్నాక తట్టింది.

అయిదు చీరల కవరు

ఆ సాయంత్రం పెద్దమ్మ బీరువాలోంచి ఒక కవరు తీసింది. నా టీమ్‌లో పనిచేసే అమ్మాయి పంపిన చీరలు అవి. వాళ్లమ్మ పోయి ఏడాది అయింది. ఆవిడ కట్టుకున్న అయిదు నూలు చీరలతో ఒక బొంత కావాలంది. అదీ అదే పన్నెండు వందలకి ఒప్పుకున్నా.

'ఇది వచ్చి పది రోజులైంది. కత్తెర పెట్టలేకపోతా ఉండా' అంది పెద్దమ్మ. 'మన చీరైతే తప్పు కత్తిరించినా ఇంకోటి వేస్తాం. ఇది తప్పు కత్తిరిస్తే యాడినుంచి తెచ్చేది?'

ఒక చీర మీద కొంగు దగ్గర పసుపు మరక ఉంది. ఇంకో దానికి కుచ్చిళ్ల దగ్గర చిన్న చిరుగు, దానికి ఎప్పుడో వేసిన చేతికుట్టు. పెద్దమ్మ ఆ అయిదు చీరల్నీ మూడుసార్లు పరిచి, మూడుసార్లు మడిచిందట. ఏది పైకి రావాలి, ఏది లోపల పొరగా పోవాలి అని. ఆ మూడుసార్లు పరిచిన టైమ్ నా 34 గంటల్లో లేదు.

'ఈ పిల్ల దగ్గర డబ్బులు తీసుకోబుద్ధి కాలా' అంది. ఆ మాట విన్నప్పుడే భయమేసింది. అన్నిటికంటే కష్టమైన పనికి అన్నిటికంటే తక్కువ ధర పడబోతోంది. జాలి ఒక పక్క, నేను తొందరపడి ఇచ్చిన మాట ఇంకో పక్క. మధ్యలో పనిచేసేది మాత్రం పెద్దమ్మ వేళ్లు.

'సరే, ఎంతైతే బాగుంటుందో నువ్వే చెప్పు' అన్నా.

'ధర పెట్టేది నాకేం తెలుసు అబ్బయా? ఉదయగిరిలో చెక్క గరిటెలు చేస్తారే, వాళ్లనడుగు. వాళ్లకి ఆర్డర్లు అలవాటు.'

ఉదయగిరి గరిటె చెప్పిన పాఠం

మర్నాడు పొద్దున బండి మీద బయల్దేరా. గంటన్నర దారి. దూరం నుంచే ఉదయగిరి దుర్గం కనిపిస్తుంది. మూడు వేల అడుగుల పైచిలుకు ఎత్తైన కొండ, దాని నడుం చుట్టూ కోటగోడలు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటని శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలుచుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీ తీసుకెళ్లి దానికోసం ఏకంగా ఒక గుడే కట్టించాడు. హంపీలో మనం ఫొటోలు దిగే ఆ కృష్ణాలయం వెనకున్న కథ ఉదయగిరిదే. ఊళ్లో రంగనాయకుల గుడి, కొండ మీద శిథిలమైన గుళ్లు, మసీదు చూడాలంటే ఒక రోజు కావాలి. పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టండి, నీళ్లు దండిగా పట్టుకెళ్లండి. నేను మాత్రం ఆ రోజు కొండెక్కలేదు. నా పని గరిటెలతో.

ఉదయగిరి చెక్క గరిటెలకి భౌగోళిక గుర్తింపు ఉంది. లేపాక్షి షోరూముల్లోనూ దొరుకుతాయి. నర్ది, బిక్కి, దేవదారి లాంటి చెక్కల్ని తెచ్చి, రంపంతో కోసి, చేత్తో చెక్కి, ఆకురాయితో అరగదీసి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దుతారు. స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు, అట్లకాడలు. కొన్నిటి పిడుల మీద చేప ఆకారాలు, లతలు, సన్నటి జాలీ పని. ఎక్కువగా ఆడవాళ్లే చేస్తున్నారు.

నేను వెళ్లిన ఇంట్లో వరండా అంతా చెక్కపొట్టు. అరవై దాటిన ఒకావిడ పీట మీద కూర్చుని ఫోర్కు పళ్లు అరగదీస్తోంది. బొంతల సంగతి చెప్పి, ధర ఎలా పెట్టాలని అడిగా. పని ఆపకుండానే చెప్పింది.

'అంగట్లో పెట్టే సరుకు వేరు, ఆర్డరు వేరు నాయనా. అంగట్లోది నువ్వు కొనకపోతే ఇంకొకళ్లు కొంటారు. ఆర్డరుది అట్టా కాదు. గరిటె మీద పేరు చెక్కమంటారు. చెక్కినాక వద్దంటే ఆ పేరుగల మనిషిని నేను యాడ ఎతికేది? అందుకే సగం డబ్బు ముందే తీసుకుంటా.'

ఇంకో గరిటె చేతికిచ్చింది. మధ్యలో సన్నటి చీలిక. 'చూడు, చివర్లో చీలింది. రెండు గంటల పని. దీని డబ్బు ఎవరిస్తారు? మిగతా తొమ్మిదీ కలిసి ఇవ్వాల. పదింటికి పని చేసి తొమ్మిదింటికే ధర కట్టుకుంటే నేను మునిగిపోతా.'

మూడోది నేను వెళ్లొస్తానని లేచాక చెప్పింది. 'రేటు ఎక్కువన్నారనుకో, రేటు తగ్గించొద్దు. జాలీ పని తీసేసి సాదాది చేసియ్యి. ఒకసారి రేటు తగ్గించినావంటే వాళ్లకి అదే రేటు.'

మా ఆఫీసులో దీన్నే స్కోప్ తగ్గించడం అంటారు. దానిమీద రెండు రోజుల ట్రైనింగ్ కూడా ఇచ్చారు నాకు. ఆవిడ ఉప్పుకాగితం కింద పెట్టకుండా రెండు నిమిషాల్లో చెప్పేసింది. రెండు గరిటెలు కొన్నా. చెప్పిన ధర ఇచ్చా. ఆ రోజు బేరమాడే మొహం లేదు నాకు.

అలబామాలో కూడా ఇదే కథ

పాత బట్టలతో దుప్పట్లు కుట్టుకోవడం మనకొక్కళ్లకే ఉందనుకోకండి. బెంగాల్‌లో కాంథా, మహారాష్ట్రలో గోధడి, కర్ణాటకలో కౌది ఉన్నాయి. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే నల్లజాతి రైతుకూలీల పల్లె ఉంది. అక్కడి ఆడవాళ్లు అరిగిపోయిన పనిబట్టలతో, చలికి కప్పుకోవడానికి క్విల్టులు కుట్టేవాళ్లు. 1966లో ఆ ప్రాంతపు ఆడవాళ్లు కలిసి ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. పెద్ద పెద్ద షాపుల నుంచి ఆర్డర్లు వచ్చాయి, చేతికి కూలి వచ్చింది. కానీ షాపులకి ప్రతిదీ అచ్చు ఒకేలా ఉండాలి. చేతికి తోచినట్టు ముక్కలు పేర్చే స్వేచ్ఛ అక్కడ కుదరలేదు. తర్వాత 2002లో గీస్ బెండ్ క్విల్టుల్ని హ్యూస్టన్‌లోని మ్యూజియంలో గోడలకి పెయింటింగుల్లా వేలాడదీశారు. 2006లో వాటి బొమ్మలతో అమెరికా తపాలా బిళ్లలు కూడా వచ్చాయి. మ్యూజియం దాకా వెళ్లింది ఆ చేతికి తోచిన కుట్టే.

అందుకే ఇంటికొచ్చాక పెద్దమ్మకి ఒకటే చెప్పా. కొలత, ధర మాత్రం మనం రాసిద్దాం, ఏ ముక్క ఎక్కడ పెట్టాలన్నది నీ ఇష్టం.

క్యాలెండరు వెనక రేటు కార్డు

ఆ రాత్రి పాత క్యాలెండరు వెనక్కి తిప్పి లెక్క వేశాం. గంటకి వంద అన్నా. పెద్దమ్మ నోరు నొక్కుకుంది. నలభై చాలంది. కాసేపు కూరగాయల బేరంలా సాగింది. కాకపోతే ఇక్కడ పనిచేసేది తగ్గించమంటోంది, రాసేవాడు పెంచమంటున్నాడు. చివరికి ఎనభై దగ్గర ఆగాం.

34 గంటలకి 2,720 రూపాయలు. దారం 100. తేడా వస్తే విప్పి కుట్టడానికి, అంటే ఆ చీలిన గరిటె లెక్క కింద, 270. మొత్తం 3,090. ముప్పై అయిదు చదరపుటడుగుల బొంతకి ఇది అడుగుకి 88 పడుతుంది. అడుగుకి 90 అని రౌండ్ చేశాం. అంటే 3,150. ఇలా రాసుకుంటే కొలత మారినా పెద్దమ్మకి నా అవసరం ఉండదు. ఎనిమిది అడుగులకి ఏడడుగుల డబుల్‌కాట్ బొంతా? 56 చదరపుటడుగులు, 5,040 రూపాయలు.

కింద ఇవి కూడా రాశాం:

- ఈ ధర వరసల మధ్య అంగుళం ఎడం ఉంటేనే. అరంగుళం అంటే కుట్టు రెట్టింపు, కాబట్టి అడుగుకి 150.
- సగం డబ్బు ముందు. అది అందాకే కత్తెర.
- చీరలు నూలువే. కొత్తవైతే రంగు పోతుంది, సిల్కువైతే పొరలు జారతాయి. ముందే ఫొటో పంపాలి.
- పరిచిన ఫొటో చూసి 'సరే' అన్నాక మార్పులుంటే విడిగా డబ్బు.
- కొరియర్ ఎంతైతే అంత.
- పోయినవాళ్ల చీరలైతే పరిచి చూడ్డానికి ఇంకో నాలుగు గంటలు కలపాలి. మిగిలిన ప్రతి ముక్కా తిరిగి పంపాలి.

చివరిది పెద్దమ్మ చెప్పి రాయించింది. ఆ నాలుగు గంటలకీ డబ్బు వేయాలని పట్టుబట్టింది నేను. తిరిగి పంపాలన్నది ఆవిడ.

'మరి ఇప్పటికే ఇచ్చేసిన రెండింటి సంగతి?' అన్నా.

'మాటంటే మాటే. వాళ్లని ఒక్క రూపాయి కూడా అడగొద్దు' అంది. నేను ఊపిరి పీల్చుకునేలోపే మళ్లీ అంది. 'తప్పు రేటు చెప్పింది నువ్వు గదా. తేడా నువ్వు కట్టు.'

నవ్వుతూనే అంది కానీ ఊరికే అనలేదు. కొరియర్ కలుపుకుంటే ఒక్కోదాని అసలు ధర 3,300. తేడా 2,100. రెండింటికి 4,200. అక్కడికక్కడే ఫోన్‌పే చేశా. డబ్బు పడిందని మెసేజ్ వచ్చేదాకా నా ఫోన్ పక్కనే కూర్చుంది. వంగి చూసి, సరేనంది. నాకది బాగా నచ్చింది.

గ్రూపులో నిశ్శబ్దం

సోమవారం పొద్దున గ్రూపులో కొత్త రేటు పెట్టా, లెక్కతో సహా. తప్పు నాదేనని, వద్దనుకుంటే మొహమాటపడొద్దని రాశా. గంటసేపు ఎవరూ మాట్లాడలేదు. మిగిలిన నాలుగు ఆర్డర్లలో ఒకరు వద్దన్నారు. ఒకరు 'వచ్చే నెల బోనస్ వచ్చాక' అన్నారు. అప్పటికే నేల మీదున్న బొంత తాలూకు కుర్రాడు మాత్రం 'మొత్తం కడతా, నాకు గంటల లెక్క కూడా ప్రింట్ తీసి పంపు. మా అమ్మకి చూపించాలి. ఆవిడా కుడుతుంది, పక్కింటివాళ్లకి ఊరికే ఇచ్చేస్తుంది' అన్నాడు.

అయిదు చీరల అమ్మాయి ఏమీ అడగలేదు. సగం డబ్బు వెంటనే పంపింది. నెలన్నర తర్వాత బొంత చేరిన రోజు ఫొటో పెట్టింది. పసుపు మరకున్న కొంగు మధ్యలోకి, అందరికీ కనబడేలా వచ్చింది. చేతికుట్టున్న చిరుగు తలగడ వైపు ఉంది. 'ఇవి కావాలనే పైకి పెట్టారా?' అని అడిగింది. పెద్దమ్మకి ఫోన్ చేసి అడిగా. 'ఉతికినా పోని మరకంటే అది ఆ తల్లిదే గదా. లోపల కప్పెట్టేసేదానికి చేతులు రాలా' అంది.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు కుడుతూనో, అల్లుతూనో, పచ్చళ్లు పెడుతూనో ఉంటారు. వాళ్ల తరఫున ధర చెప్పే ముందు ఒక్కసారి పక్కన కూర్చుని స్టాప్‌వాచ్ ఆన్ చేయండి. మీరు కొనేవాళ్లయితే ఎన్ని గంటలు పట్టిందో అడగండి.

పోయిన వారం పెద్దమ్మే ఫోన్ చేసింది. 'అబ్బయా, కావలి నుంచి ఎవరో ఒకామె ఫోన్ చేసింది. నేనే రేటు చెప్పినా.'

'ఎంత చెప్పావ్?'

'తొంబై. ఎక్కువనింది. డెబ్బైకి చెయ్యమనింది.'

నాకు గుండె జారింది. 'తగ్గించేశావా?'

'ఎందుకు తగ్గిస్తా? వరసలు అంగుళంన్నర దూరం చేసి కుట్టిస్తానని చెప్పినా. సరేననింది.'